ఫిల్ములో తెల్లగా వచ్చిన ఎముక

ఎముకల సాంద్రత చూసే స్కానింగ్ సెంటర్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి ఈమధ్య మా ఇంటికొచ్చింది. పేరు ప్రశాంతి. మా చర్చిలో పాటలు పాడుతుంది. కూర్చోగానే తన ఇబ్బంది చెప్పింది.

"ఆంటీ, రిపోర్టు చేతికివ్వగానే అందరూ ఒకటే అడుగుతున్నారు, ఈ మైనస్ ఏంటమ్మా అని. డాక్టరుగారిని అడగండి అని పంపేస్తున్నాను. మీ రోజుల్లో మీరు ఏం చెప్పేవాళ్లు?"

మా రోజుల్లో మైనస్ లేదు, ప్లస్ లేదు. ఎముక ఎంత దట్టంగా ఉందో అంకెల్లో చెప్పే యంత్రాన్ని నేను రిటైరయ్యే ముందు చూశానంతే. ఎనభైలలో మాకున్నది ఒక ఎక్స్‌రే మిషను, ఒక చీకటి గది, ఫిల్ము పట్టుకుని చూడ్డానికి ఒక కిటికీ. ఎముక పలచనిదా, చిక్కనిదా అన్నది కంటితో చూసి చెప్పేవాళ్లం. కన్ను ఎంత మోసపోతుందో ఒక మనిషి వల్ల తెలుసుకున్నాను. ఆమె సంగతే ప్రశాంతికి చెప్పాను. ఇలాంటి ఉద్యోగాల్లో చేరే మిగతావాళ్లకు కూడా ఉంటుందని ఇప్పుడు రాస్తున్నాను. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టలేదు వంటివి ఇందులో ఉండవు.

పత్తి మచ్చలు

గుంటూరు, ఒంగోలు మధ్య ఒక పట్టణంలో మిషన్ ఆసుపత్రి మాది. నేను అక్కడే ట్రైనింగ్ తీసుకుని అక్కడే ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేరాను. తెల్ల చీర కట్టుకునేదాన్ని కాబట్టి రోగులంతా నన్ను 'సిస్టరుగారు' అనేవాళ్లు. కాదని చెప్పీ చెప్పీ మానేశాను.

మాకొచ్చే రోగులను బట్టి ఏ నెలో చెప్పెయ్యొచ్చు. మిరపకోతల కాలంలో ఆడవాళ్ల చీరల్లోంచి వచ్చే ఘాటుకు గదంతా తుమ్ములు. ఊపిరి బిగబట్టండి అని నేను అనడం, సరిగ్గా అప్పుడే రోగి తుమ్మడం, ఫిల్ము పాడవడం. పత్తి తీసే రోజుల్లో ఇంకో తంటా. బట్టలకు అంటుకున్న పత్తి నూగు గాల్లో తేలి, ఫిల్ము పెట్టే క్యాసెట్లలోకి చేరేది. ఒక్క పోగు లోపల ఉన్నా ఫిల్ము మీద తెల్లటి మచ్చ పడుతుంది. ఒకసారి అలాంటి మచ్చను చూసి ఒక పెద్దాయన ఊపిరితిత్తుల్లో ఏదో ఉందని కంగారుపడ్డాం. మర్నాడు అదే చోట అదే మచ్చ ఇంకో మనిషి ఫిల్ములో కనిపించింది.

ఆ రోజు మా డాక్టరుగారు అన్న మాట నాకు ఉద్యోగమంతా గుర్తుండిపోయింది. "సలోమీ, ముందు నీ తప్పు వెతుకు. నీ తప్పు లేదని తేలాక రోగి జబ్బు వెతుకు."

ఆయన పేరు జ్ఞానప్రకాశం గారు. ఎక్స్‌రేలు చదవడానికి వేరే డాక్టరు లేరు. ఆపరేషన్లు చేసేదీ ఆయనే, ఫిల్ములు చదివేదీ ఆయనే. కోపిష్టి. ఫిల్ము వృథా చేస్తే అందరి ముందూ కేకలేసేవారు. మంచి ఫిల్ము తీస్తే మాత్రం ఏమీ అనకుండా దాన్ని రెండుసార్లు చూసేవారు. ఆ రెండోసారి చూడ్డం కోసమే నేను పనిచేసేదాన్నంటే అబద్ధం కాదు.

ఆయన చెప్పిన సూత్రం మంచిదే. దాన్ని నేను సగమే పట్టుకోవడం వల్ల ఒక మనిషికి అన్యాయం జరిగింది.

ఆదెమ్మ మొదటిసారి వచ్చినప్పుడు

ఎనభైల మొదట్లో, ఒక వేసవి ఉదయం, దర్శి అవతల పల్లె నుంచి ఆదెమ్మ అనే ఆమె వచ్చింది. వ్యవసాయ కూలీ. నలభై ఏళ్లకు అటూ ఇటూ ఉంటుంది. సన్నగా, పొడుగ్గా ఉంది. నడుము నొప్పి, వంగలేకపోతోంది. ఆమె వెంట ఆడపడుచు వెంకాయమ్మ వచ్చింది.

బల్ల మీద పడుకోబెట్టడానికే చాలాసేపు పట్టింది. ఆమె నడుము మడవకుండా, దుంగ ఒరిగినట్టు ఒరిగింది. నడుముకు ఎక్స్‌రే తీసి, చీకటి గదిలో కడిగి, కిటికీ దగ్గరికి తెచ్చి చూశాను. ఎముకలు సుద్దముక్కల్లా తెల్లగా ఉన్నాయి. వెన్నుపూసల లోపలి గీతలు ఏమీ కనిపించడం లేదు.

ఇక్కడ మా పని రహస్యం ఒకటి చెప్పాలి. కిరణాలను ఎముక ఆపుతుంది. ఆపిన చోట ఫిల్ము తెల్లగా మిగులుతుంది. కిరణాలు దాటిన చోట నల్లబడుతుంది. కాబట్టి ఫిల్ము మరీ తెల్లగా వచ్చిందంటే కారణాలు రెండు. నేను కిరణాలు తక్కువ పంపి ఉండాలి, లేదా ఎముకే మామూలుకన్నా దట్టంగా ఉండాలి.

రెండోది నాకు తట్టనే లేదు. నా తప్పే అనుకున్నాను. మిషను మీద అంకె పెంచి మళ్లీ తీశాను. మళ్లీ తెలుపే. అప్పటికి డాక్టరుగారు రెండుసార్లు కబురు పంపారు. ఇంకా పెంచి మూడోది తీశాను. బాగా లావుగా ఉన్న మగమనిషికి పెట్టే అంకె అది. ఈసారి ఎముకలు పుస్తకంలో బొమ్మలా బూడిదరంగులో, చక్కటి గీతలతో వచ్చాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. మొదటి రెండూ పనికిరాని ఫిల్ముల గోతంలో పడేసి, మూడోది తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన చూశారు. రెండోసారి కూడా చూశారు. "ఎక్కడా విరగలేదు, అరగలేదు. ఎముకలు బాగున్నాయి" అని ఇంగ్లీషులో ఒక వాక్యం రాశారు. నొప్పికి మాత్రలిచ్చి పంపించారు.

ఆదెమ్మ ఆ కాగితాన్ని కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. నేను మధ్యాహ్నం భోజనం తృప్తిగా చేశాను.

ఆ కాగితం చదివి చెప్పండి

ఆమె మళ్లీ వచ్చింది మిరపకోతల కాలంలో. మధ్యలో ఏడెనిమిది నెలలు గడిచాయి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లకుండా నేరుగా నా గది ముందుకొచ్చి నిలబడింది. పక్కన వెంకాయమ్మే ఉంది. ఆదెమ్మ మెడ ముందుకు వంగిపోయి, మనిషి నేలను చూస్తూ మాట్లాడుతోంది.

"సిస్టరుగారూ, ఈ కాయితంలో ఏముందో చదివి సెప్పండి."

చదివాను. ఎముకలు బాగున్నాయని రాశారమ్మా అన్నాను.

"మా ఊరి పంతులుగారు కూడా అట్టానే సదివాడు. ఆ రోజు నుంచీ ఇంట్లో నా బతుకు కుక్కబతుకైంది. ఎముకలు బాగుంటే వంగవేందే, దొంగేషాలు ఎయ్యమాక అంటాడు మా ఆయన. కోతల ముఠాలోకి మేస్త్రి రానీడంలా. బాగుంటే నేనెందుకిట్టయ్యానమ్మా? మీరు మూడుసార్లు బొమ్మ తీశారు గదా. ఆ మూడు బొమ్మలూ నాకు సూపియ్యండి."

మూడుసార్లు తీశానన్న సంగతి డాక్టరుగారికి తెలియదు. ఈమెకు గుర్తుంది.

కూర్చోమని చెప్పి రిజిస్టరు తెరిచాను. ఏ రోగికి మిషను మీద ఏ అంకె పెట్టానో పెన్సిలుతో పక్కన రాసుకునే అలవాటు నాకుండేది. ఆదెమ్మ పేరు దగ్గర మూడు అంకెలున్నాయి, ఒకదాన్ని మించి ఒకటి. ఆమెకు ముందు, ఆమెకు వెనక ఆ రోజు వచ్చిన వాళ్లవి చూశాను. వాళ్లందరికీ మామూలు అంకెలే. వాళ్ల ఫిల్ములు మామూలుగానే వచ్చాయి. మిషను బాగుంది, ఫిల్ము కడిగే మందునీళ్లు బాగున్నాయి, నేను కూడా బాగానే ఉన్నాను. ఇంత సన్నటి మనిషికి అన్ని కిరణాలు ఎందుకు కావలసి వచ్చాయి? ఆ ప్రశ్న ఆ రోజే వేసుకోవలసింది. ఫిల్ము అందంగా రావాలన్న యావలో పడి, ఆమె ఎముకల్లో ఉన్న తెలుపును నా చేతులతో నేనే చెరిపేశాను.

పనికిరాని ఫిల్ములను గోతాల్లో వేసి గోడౌన్లో ఉంచేవాళ్లం. వాటి మీది వెండిని తీసుకునే వ్యాపారి ఎప్పుడో ఒకసారి వచ్చి పట్టుకెళ్లేవాడు. అదృష్టం కొద్దీ ఆ ఏడు అతను ఇంకా రాలేదు. గోతాలు కుమ్మరించి వెతికాను. ప్రతి ఫిల్ము మూలా సీసపు అంకెలతో రోగి నంబరు పడుతుంది. మూడో గోతంలో ఆదెమ్మ నంబరు దొరికింది. రెండు ఫిల్ములూ ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. మెల్లగా విడదీసి, మంచి ఫిల్ముతో కలిపి మూడూ పట్టుకుని డాక్టరుగారి గదికి వెళ్లాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఇంట్లో ఏం చెప్పాలో కూడా దారిలో తయారు చేసుకున్నాను.

ఆయన మూడింటినీ వరసగా కిటికీకి ఆనించి చాలాసేపు నిలబడ్డారు.

"ఇవి నాకెందుకు చూపించలేదు?"

"ఫిల్ములు పాడుచేశానని అంటారని, సార్."

"అంటాను. అయినా చూపించాల్సింది. నేనూ అడగాల్సింది. ఎంత కిరణం పెడితే ఇది వచ్చిందని నేనెప్పుడూ నిన్ను అడగలేదు" అన్నారు.

రెండు చేతులు, ఒక ఫిల్ము

అప్పుడాయన ముఖంలో కోపం లేదు. కొత్త ఆపరేషను ముందు ఉండే కుతూహలం ఉంది. "ఈ మూడింట్లో ఏది నిజమో ఎలా తేలుద్దాం?" అని నన్నే అడిగారు. నాకు తోచింది చెప్పాను. ఆమెను, అలాంటి ఎముకలు లేని ఇంకో మనిషిని ఒకే ఫిల్ము మీద తీస్తే ఏ వంకా ఉండదు. కిరణం ఒకటే, ఫిల్ము ఒకటే, మందునీళ్లు ఒకటే.

"నడుములు పక్కపక్కన పట్టవు. మోచేతి నుంచి మణికట్టు దాకా తీద్దాం" అన్నారాయన. తర్వాత, పై దేశాల్లో ఎముక పక్కన అల్యూమినియం మెట్లు పెట్టి తీస్తారనీ, ఎముక తెలుపు ఎన్నో మెట్టు తెలుపుతో సరిపోతుందో చూస్తారనీ ఎక్కడో చదివానన్నారు. వంటింట్లో చిల్లుపడిన అల్యూమినియం పళ్లెం ఒకటి ఉంటే తెప్పించి, కత్తిరించి, ముక్కలను మెట్లమెట్లుగా పేర్చి దారంతో కట్టాను. ఇవాళ మీ యంత్రాలు లోపల చేసే పని కూడా, ఎంత గొప్పగా చేసినా, ఇలాంటి పోలికే.

ఆదెమ్మ చెయ్యి ఒక పక్క, నా చెయ్యి ఒక పక్క, నడుమ పళ్లెం మెట్లు. మీటను ఇంకో టెక్నీషియన్ నొక్కాడు. పోలిక కోసం ఇలా మీ ఒంటిని కిరణాల కింద పెట్టకండి, అది పద్ధతి కాదు. అప్పుడు నాకు వేరే దారి తోచలేదు.

ఫిల్ము కడిగి చూస్తే నా చేతి ఎముకలు బూడిదరంగులో ఉన్నాయి. మెట్లలో కింది నుంచి నాలుగోదానికి సరిపోయాయి. ఆదెమ్మవి పైమెట్టును కూడా దాటిపోయాయి. అంతకన్నా నన్ను నిలబెట్టేసింది ఇంకొకటి ఉంది. ముంజేతిలో రెండు ఎముకలుంటాయి. వాటి మధ్య మెత్తటి పొర ఉంటుంది, అది ఎక్స్‌రేలో కనపడకూడదు. ఆదెమ్మ ఫిల్ములో ఆ పొర వెంట తెల్లటి ముళ్లు మొలిచినట్టు ఉంది.

డాక్టరుగారు దాన్ని చూసి కుర్చీలో కూర్చున్నారు. ఆదెమ్మను లోపలికి పిలిపించారు.

"నీది ఏ ఊరమ్మా?"

"దర్శి అవతలండి."

"పుట్టిల్లు?"

"పొన్నూరు దగ్గరండి. పదిహేడో ఏట ఈడికి కాపరానికొచ్చా."

"వెంకాయమ్మా, మరి నువ్వు?" అని ఆయన పిలిచారు. వెంకాయమ్మ అప్పటిదాకా గుమ్మంలో అటు తిరిగి నిలబడి ఉంది. పిలవగానే మెడ తిప్పి చూడలేదు. కాళ్లు, నడుము, భుజాలు, మనిషి మొత్తం తిరిగింది. రెండుసార్లు ఆమె నా గదికొచ్చింది. నేను ఆమెను చూడనే లేదు. రోగి కాదు కదా అని.

"నేను ఆ ఊళ్లోనే పుట్టానండి. మేనమామకే ఇచ్చారు" అంది.

"పళ్లు చూపించు." ఆమె పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలున్నాయి. ఆదెమ్మవి పొన్నూరు వైపు పెరిగిన పళ్లు, తెల్లగా ఉన్నాయి.

"మీ ఇద్దరూ తాగే నీళ్లు ఏవి?"

"మా పాలెం బావియండి. ఎండాకాలం కూడా ఎండదు. మంచి బావి."

ఆయన నా వైపు తిరిగారు. "నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువైతే వచ్చేది ఇది. చిన్నప్పటి నుంచి తాగితే పళ్లకు చారలొస్తాయి. పెద్దయ్యాక తాగినా ఎముకలకు పడుతుంది. ఆ వైపు ఇది ఉందని కాలేజీలో చదివి పరీక్ష కూడా రాశాను. ఎదురుగా వచ్చి కూర్చున్న మనిషిలో మాత్రం చూడలేదు."

ఆయన పాత రిపోర్టు మీద అడ్డంగా గీత కొట్టి కొత్తది రాశారు. కింద, మొదటిది తప్పు అని కూడా రాసి సంతకం పెట్టారు. ఒక డాక్టరు అలా రాయడం అంతకుముందు నేను చూడలేదు. "దీన్ని ఆమెకు తెలుగులో నువ్వు చెప్పు" అన్నారు.

సున్నం పట్టిన తాడు

ఆదెమ్మను నా గదిలో బల్ల మీద కూర్చోబెట్టి ఫిల్మును ఆమె కళ్లకు అందేలా కిందికి పట్టుకున్నాను.

"ఇది నా చెయ్యి. ఇది నీ చెయ్యి. తేడా కనిపిస్తోందా?"

"నాది తెల్లంగా ఉంది. తెల్లంగా ఉంటే గట్టిదే గదమ్మా?"

చాలామంది చదువుకున్నవాళ్లు కూడా ఇదే అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఎముక దట్టంగా ఉంటే మనిషి గట్టిగా ఉండాలి కదా. డాక్టరుగారిని అప్పుడే అడిగి తెలుసుకున్నది ఆమెకు చెప్పాను. ఎక్కువ పట్టిందంతా బలం కాదు. ఎముక బరువెక్కుతుంది, పెళుసుబారుతుంది. ఎముకలను పట్టి ఉంచే నరాల్లాంటి తాళ్లుంటాయి, అవి వంగితేనే మనిషి వంగేది. ఆ తాళ్లు కూడా ఎముకలా బిగుసుకుపోతాయి.

ఆమె కాసేపు చూసి, "పలుపుతాడుకి సున్నం పట్టినట్టన్నమాట" అంది.

ఇన్నేళ్లలో ఇంతకన్నా బాగా చెప్పిన పుస్తకం నేను చదవలేదు.

"దీనికి మందుందా?"

లేదని చెప్పాలి. చెప్పాను. నొప్పి తగ్గడానికి ఇస్తారు, ఆ నీళ్లు మానేస్తే ఇంకా ముదరకుండా ఉండొచ్చు, వంగిన మెడ మాత్రం లేవకపోవచ్చు అన్నాను. ఏడుస్తుందని గ్లాసుతో నీళ్లు దగ్గర పెట్టుకున్నాను. ఆమె ఏడవలేదు.

"అయితే నేను దొంగేషాలు ఎయ్యలేదు."

"లేదమ్మా."

"ఆ మాట కాయితం మీద ఉందా?"

"ఉంది. డాక్టరుగారు రాశారు."

"కాయితం సాలదు సిస్టరుగారూ. మొదటిదీ కాయితమే గదా. ఆ బొమ్మ ఇయ్యండి. సూత్తే ఎవరికైనా తెలుత్తది."

ఫిల్ములు ఆసుపత్రి గడప దాటకూడదన్నది నియమం. నేను డాక్టరుగారిని అడిగాను. నియమం నియమమే అన్నారు. అప్పుడు నేను, ఒక క్యాసెట్లో రెండు ఫిల్ములు కలిపి పెడితే ఒకే కిరణానికి రెండు బొమ్మలొస్తాయి, ఒకటి మనకు, ఒకటి ఆమెకు అన్నాను. ఆయన కళ్లజోడు తీసి నన్ను చూశారు. "నా నియమంలో రెండో ఫిల్ము గురించి లేదు" అన్నారు. అలా ఇంకోసారి ఆమె చేతిని, నా చేతిని తీసి ఒక ఫిల్ము ఆమెకిచ్చాను. మొదటిదానంత నలుపు రాలేదు గానీ తేడా గుడ్డివాళ్లకు తప్ప అందరికీ కనిపిస్తుంది.

పది రోజుల తర్వాత ఆమె భర్త కోటయ్య ఒక్కడే వచ్చాడు. గట్టిగా మాట్లాడే మనిషని ఆదెమ్మ చెప్పింది. నా గది ముందు మాత్రం చెప్పులు విడిచి నిలబడ్డాడు. చేతిలో గుడ్డ బిగించి కట్టిన రెండు సీసాలున్నాయి.

"ఎడంసేతి దాంట్లో మా పాలెం బావి నీళ్లండి. కుడిసేతి దాంట్లో ఊరి వానచెరువు నీళ్లు. పరీచ్చ సేయిత్తారంటగా."

"చేయిస్తారు. ఆదెమ్మ ఎలా ఉంది?"

అతను సీసాల వంకే చూస్తూ, "నీళ్లు నేనే తెత్తన్నానండి ఇప్పుడు" అన్నాడు.

ఊరు చూసిన ఫిల్ము

తర్వాత జరిగింది నేను కళ్లారా చూడలేదు. వెంకాయమ్మ మందులకు వచ్చినప్పుడల్లా చెప్పేది. ఆదెమ్మ ఆ ఫిల్మును బడి కిటికీకి కట్టించిందట. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, తమ చేతిని దాని పక్కన పెట్టి చూసుకునేవాళ్లట. చెయ్యి పెడితే లోపలి ఎముక కనపడదు కదా అని నేను నవ్వాను. "కనపడదు గానీ, ఆలోసన పుడద్ది గదండీ" అంది వెంకాయమ్మ.

నీళ్ల పరీక్ష కాగితం రావడానికి డాక్టరుగారు ఎన్నో ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. చివరికి వచ్చింది, బావి నీళ్లు తాగడానికి పనికిరావని. ఊరివాళ్లు తేలిగ్గా ఒప్పుకోలేదు. బావినీళ్లు తేటగా, తియ్యగా ఉంటాయి. చెరువునీళ్లు మడ్డి, కాచుకోవాలి, వడకట్టుకోవాలి. పైగా ఊరి బయటి పాలెం వాళ్లు ఊరి చెరువుకు రావడమేమిటని ఊళ్లో కొందరు అడ్డుకున్నారు. గొడవ పంచాయితీ దాకా వెళ్లింది. ఆదెమ్మ ఆ పంచాయితీకి ఫిల్ము పట్టుకుని వెళ్లింది. ఏం మాట్లాడిందని అడిగితే వెంకాయమ్మ, "ఏం మాట్టాడలేదు. కూకోమంటే కూకోలేక నిలబడింది. అందరూ సూశారు" అని చెప్పింది. ఆ తర్వాత డ్రమ్ములు కట్టిన ఒక బండి రోజూ చెరువు నుంచి పాలెంకు నీళ్లు తెచ్చేదట. చెరువు ఎండిన నెలల్లో మాత్రం మళ్లీ బావికే వెళ్లేవాళ్లు. అందరూ మారలేదు, పూర్తిగా ఎవరూ మారలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

అంకె వచ్చాక చేయాల్సింది

ప్రశాంతి అడిగినదానికి ఇప్పుడు చెబుతాను. మైనస్ అంటే మనిషి చెడిపోయాడని కాదు. ఆరోగ్యంగా ఉన్న పడుచు వయసువాళ్ల ఎముకతో పోలిస్తే ఎంత తక్కువుందో చెప్పే గుర్తు. అది మార్కుల కాగితం కాదు, పోలిక. పోలిక అని చెబితే సగం భయం తగ్గుతుంది. ఏం చేయాలో డాక్టరు చెబుతారు. ఆ అంకె ఏమిటో చెప్పడం మీ పని.

అంకె తక్కువైతే అందరూ కంగారుపడతారు. ఎక్కువొస్తే సంతోషించి పంపేస్తారు. మా వైపు అదే ప్రమాదం. నీళ్ల వల్ల బిగిసిన వెన్ను, వయసుతో ముదిరిన వెన్ను మీ యంత్రానికి దట్టంగానే కనిపిస్తాయి, అంకె బాగానే వస్తుంది. మనిషి మాత్రం వంగలేడు. అందుకని అంకె చూసే ముందు, రోగి కుర్చీలోంచి ఎలా లేచాడో చూడండి. వెంట వచ్చిన మనిషిని కూడా చూడండి. ఏ ఊరు, ఏ నీళ్లు అని అడగండి. పాత రిపోర్టు ఉంటే తెమ్మనండి, వీలైతే అదే యంత్రం మీద తీసినదై ఉండాలి. వేరే వేరే యంత్రాల అంకెలను పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అనకండి. నడుముకు వడ్డాణమో, హుక్కో ఉండిపోయి మళ్లీ తీయాల్సి వస్తే, మళ్లీ తీశానని రాయండి. మీ తప్పులు కూడా రోగి రిపోర్టులో భాగమే.

కాగితం రోగి చేతికివ్వండి. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఆమె భాషలో ఒకసారి చెప్పండి. తర్వాత ఆమెను తన మాటల్లో మళ్లీ చెప్పమనండి. అర్థమైందో లేదో అప్పుడు తెలుస్తుంది. ఒక్కోసారి మనకే అర్థమవుతుంది.

ఆదెమ్మ మనవరాలు

ఎనభైలు అయిపోతుండగా, ఒక మధ్యాహ్నం ఆదెమ్మ మళ్లీ వచ్చింది. మెడ ఇంకా వంగింది, చేతిలో కర్ర ఉంది. ఈసారి రోగి ఆమె కాదు. ఆమె మనవరాలు, ఆరేడేళ్ల పిల్ల, నీళ్లబండి మీంచి దూకి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ బండి నీళ్లు తాగడం మొదలుపెట్టాక పుట్టిన పిల్ల. వెక్కి వెక్కి ఏడుస్తోంది.

మామూలు అంకె పెట్టి తీశాను. కడిగి తెచ్చాను. ఆదెమ్మ ఫిల్ము చూపించమంది. తల పైకెత్తలేకపోతోంది కాబట్టి, ఆమెను బల్ల మీద పక్కకు ఒరిగి పడుకోమని, ఫిల్మును కిటికీ వెలుతురులో ఆమె కళ్లకెదురుగా పట్టుకున్నాను.

ఇంత చిన్నపిల్లల ఎముకను చూసి నీళ్ల సంగతి ఖాయంగా చెప్పలేం. అది నాకు తెలుసు, ఆమెకు చెప్పాను కూడా. ఆమె విన్నట్టే ఉంది గానీ కళ్లు తిప్పలేదు.

"ఇరిగింది యాడమ్మా?"

"ఇదిగో, ఈ గీత. కట్టు కడితే నెలా నెలన్నరలో అతుక్కుంటుంది."

"మిగతాదంతా?"

"మిగతాదంతా మామూలుగానే ఉంది. బూడిదరంగు."

"ఆ రెండిటి మజ్జన?"

"ఏమీ లేదు. ఖాళీగా ఉంది."

ఆమె ఇంకాసేపు చూసింది. ఆ తర్వాత లేవడానికి చెయ్యి అందిస్తే పట్టుకుని, కాళ్లు కిందికి దించి కూర్చుని, పిల్లను దగ్గరికి లాక్కుని కొంగుతో ముక్కు తుడిచింది.

"ఏడవమాకే," అంది. "ఇరిగింది, అంతే."